డీప్ హౌస్ ప్రొడ్యూసర్ అవుతాడట, బీటెక్ మాన్పించాలా?

ప్రశ్న: మా అబ్బాయి వరంగల్‌లో బీటెక్ ఈసీఈ రెండో సంవత్సరం. ఏడాదిగా తెల్లవార్లూ హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ల్యాప్‌టాప్ ముందే ఉంటున్నాడు. డీప్ హౌస్ మ్యూజిక్ ప్రొడ్యూసర్, డీజే అవుతానంటాడు. కాలేజీ మానేసి ముంబయిలో ఏడాది కోర్సు చేస్తాడట, ఫీజుకూ సామానుకూ కలిపి ఆరు లక్షలు అడుగుతున్నాడు. ఊరేగింపుల్లో డీజే పెట్టుకుని బతుకుతాడా అని వాళ్లమ్మ ఒకటే ఏడుపు. ఏం చేయమంటారు? (ఒక తండ్రి, కరీంనగర్)

జవాబు: ముందు వాళ్లమ్మగారి భయం సంగతి చూద్దాం. బండి మీద బాక్సులు పేర్చుకుని బరాత్‌లో తిరిగే ఆయన పనికీ మీవాడు చెబుతున్న పనికీ పోలిక తక్కువ. అయితే డబ్బు లెక్క తీస్తే, పెళ్లిళ్ల సీజన్‌లో ఆ బండి ఆయనకే ఎక్కువ మిగలొచ్చు. ఇది మీవాడికి కూడా చదివి వినిపించండి, నవ్వడానికి కాదు.

డీప్ హౌస్ అంటే క్లబ్‌ల్లో డాన్స్‌కి వేసే ఒక రకం ఎలక్ట్రానిక్ సంగీతం, అమెరికాలో, షికాగోలో పుట్టింది. అక్కడ వేర్‌హౌస్ అనే క్లబ్‌లో 1977 నుంచి ఫ్రాంకీ నకల్స్ అనే డీజే వాయించిన తీరు నుంచి హౌస్ మ్యూజిక్ మొదలైతే, 1980ల మధ్యలో లారీ హర్డ్ అనే ఆయన, అసలు డ్రమ్మర్, దానికి జాజ్, సోల్ పద్ధతి కార్డ్స్ (ఒకేసారి మోగే స్వరాల గుత్తులు) కలిపి మెత్తగా చేశాడు. నిమిషానికి 120 బీట్లు, కాస్త అటూ ఇటూ. ఒకరోజు మీవాణ్ని తను చేసిన ట్రాక్ ఒకటి పెట్టమనండి, మధ్యలో ఆపకుండా వినండి. మొదటి నిమిషం డ్రమ్స్ తప్ప ఏమీ ఉండదు, 'పాట ఎప్పుడు మొదలవుతుందిరా' అని మీరు కచ్చితంగా అడుగుతారు. అది కావాలనే అలా పెడతారు, క్లబ్‌లో ఇంకో డీజే తన ట్రాక్ అయిపోతుండగా దీన్ని కింద నుంచి కలుపుకోవడానికి ఆ చోటు కావాలి. తర్వాత చూడండి, కిక్, అంటే పెద్ద డ్రమ్ దెబ్బ, పడ్డ ప్రతిసారీ బేస్ ఒక్క క్షణం తగ్గి మళ్లీ లేస్తుంది, కీబోర్డ్ కార్డ్ మీద ఫిల్టర్ పదహారు బార్ల పాటు (నాలుగు బీట్లు ఒక బార్) మెల్లగా తెరుచుకుని, మూసుకుపోయినట్టున్న శబ్దం స్పష్టమవుతుంది. మీవాడి ట్రాక్‌లో ఇవన్నీ కుదిరాయా, లేక ఇంటర్నెట్‌లో దొరికే రెడీమేడ్ లూపులు (తిరిగి తిరిగి మోగే చిన్న ముక్కలు) నాలుగు ఒకదాని మీద ఒకటి పెట్టాడా అన్నది వాడికి తెలుస్తుంది, నిజాయితీగా అడిగితే చెబుతాడు.

నేను ఇలాంటి పిల్లల్ని మొదట అడిగే ప్రశ్న ఒక్కటే: పూర్తి చేసినవి ఎన్ని? ఎనిమిది బార్లు చేసి వదిలేసిన ఫైళ్లు అందరి ల్యాప్‌టాప్‌లోనూ వందలుంటాయి, అవి లెక్కలోకి రావు. మొదలూ చివరా ఉండి, మిక్స్ అయి, ఇంకో డీజేకి పంపడానికి సిగ్గుపడనవి ఒక పది ఉంటే మాట్లాడుకోవచ్చు. లేకపోతే ముందు అవి చేయమనండి, దానికి ఆరు లక్షలు అక్కర్లేదు, కాలేజీ మానక్కర్లేదు. ల్యాప్‌టాప్‌కి తగిలించే చిన్న కంట్రోలర్లు చాలావాటితో ఏబుల్టన్ లైవ్ లైట్ అనే సంగీతం చేసే సాఫ్ట్‌వేర్ ఉచితంగా వస్తుంది, అలాంటిదే ఎఫ్ఎల్ స్టూడియో ఒకసారి కొంటే తర్వాతి అప్‌డేట్లకి డబ్బు కట్టనక్కర్లేదు. మంచి హెడ్‌ఫోన్స్, ఒక ఆడియో ఇంటర్‌ఫేస్ (ల్యాప్‌టాప్‌లోకి, బయటికి శబ్దం సరిగా పంపే పెట్టె), ఒక మిడి కీబోర్డ్ (ల్యాప్‌టాప్‌లోని వాయిద్యాలు వాయించడానికి), అంతే. క్లబ్‌లో వాడే పెద్ద సీడీజే ప్లేయర్లు క్లబ్ వాళ్లవే ఉంటాయి, ఇంట్లో కొనక్కర్లేదు. మిగతా డబ్బుతో ఏడాదిపాటు కీబోర్డ్ నేర్పే మాస్టారిని పెట్టండి, డీప్ హౌస్‌లో ప్రాణమంతా ఆ సెవెంత్, నైంత్ కార్డ్స్‌లోనే ఉంది కాబట్టి కోర్సు కంటే అదే ఎక్కువ పనికొస్తుంది.

ఇక సంపాదన. ట్రాక్ స్పాటిఫైలో పెట్టేశాక డబ్బు దానంతట అదే వస్తుందని పిల్లలు అనుకుంటారు. 2024 నుంచి అక్కడ ఒక ట్రాక్‌ని ఏడాదిలో కనీసం వెయ్యి సార్లు వింటేగానీ దాని మీద రాయల్టీ లెక్కలోకే రాదు, వెయ్యి దాటినా వచ్చేది చాయ్ ఖర్చుకి సరిపోతే గొప్ప. ఈ రంగంలో పేరున్నవాళ్లకి కూడా ముఖ్యంగా డబ్బు షోల నుంచే వస్తుంది, ట్రాక్‌లు ఆ షోలకి పిలిపించుకోవడానికి. మరి షోలు ఎక్కడ? గోవా, ముంబయి, బెంగళూరుల్లో ఈ సంగీతానికి జనం ఉన్నారు. హైదరాబాద్‌లో ఉన్నారు గానీ కొద్దిమంది, జూబ్లీహిల్స్ పబ్‌లో మీవాడు తనకిష్టమైన లారీ హర్డ్ వేస్తుంటే పది నిమిషాలకోసారి ఎవరో వచ్చి తెలుగు మాస్ పాట అడుగుతారు. వేయనంటే వచ్చేవారం పిలవరు. దానికి తోడు ధ్వని కాలుష్యం నిబంధనలు, రాత్రి 10 దాటాక సౌండ్ మీద ఆంక్షలు. అందుకే మొదటి కొన్నేళ్లు సంగీత్‌లు, కార్పొరేట్ పార్టీలు చేసుకుంటూ ఇల్లు నడుపుకోవాలి, దాన్ని చిన్నతనంగా అనుకునేవాడైతే ఇప్పుడే మానుకోమనండి.

బాబూ, ఇది నీకు. నీ బ్రాంచిని శత్రువులా చూడకు. సిగ్నల్స్ అండ్ సిస్టమ్స్‌లో చదివే ఫిల్టర్లు, శాంప్లింగ్, ఫోరియర్, అవన్నీ నువ్వు రాత్రంతా తిప్పుతున్న నాబ్‌ల లోపల ఉన్న లెక్కలే. 44.1 కిలోహెర్ట్జ్ అని ప్రాజెక్ట్ సెట్టింగ్‌లో పెట్టుకుంటావు, ఎందుకు అంతే అని సార్‌ని అడిగి చూడు. బెర్లిన్‌లో ఏబుల్టన్‌లాంటి కంపెనీలకి సంగీతం తెలిసిన ఇంజినీర్లు కావాలి, సీ ప్లస్ ప్లస్‌లో ఆ సాఫ్ట్‌వేర్‌కి తగిలించే చిన్న ప్లగిన్ ఒకటి రాసి చూపించగలిగితే నీకు రెండో దారి ఉన్నట్టే. సినిమా సౌండ్, గేమ్ ఆడియో, లైవ్ సౌండ్ కూడా దీని పక్కనే ఉన్నాయి. సొంత ట్రాక్‌లు రిలీజ్ చేశాక కంపోజర్లకి రాయల్టీ వసూలు చేసిపెట్టే సంస్థ ఐపీఆర్ఎస్‌లో సభ్యత్వం తీసుకో. పర్మిషన్ లేని సినిమా పాటల రీమిక్స్‌లు అప్‌లోడ్ చేస్తే మాత్రం ఈరోజు కాకపోతే రేపు తీసేస్తారు, వాటి మీద పేరు కట్టుకోకు.

చెవుల సంగతి కూడా. 85 డెసిబెల్స్ దగ్గర ఎనిమిది గంటలు భరించే చెవికి, 100 దగ్గర పావుగంటే హద్దు. క్లబ్‌లో బూత్ మానిటర్, అంటే డీజే పక్కనే ఉండే స్పీకర్, అంతకన్నా తక్కువ ఉండదు సాధారణంగా. అన్ని స్వరాల్నీ సమానంగా తగ్గించే ఫ్లాట్ రెస్పాన్స్ ఇయర్‌ప్లగ్స్ అని దొరుకుతాయి, ముందు అవి కొనుక్కో, తర్వాతే ఇంకేదైనా.

తండ్రిగారూ, మాన్పించకండి, తిట్టకండి కూడా. బీటెక్ అయ్యేలోపు ఇంకా రెండేళ్లు ఉంది. ఈ సెలవుల్లో వాణ్ని హైదరాబాద్‌లో ఏదైనా సౌండ్ రెంటల్ వాళ్ల దగ్గర నెలరోజులు కేబుళ్లు చుట్టే పనికి పంపండి, రాత్రి రెండింటికి లోడింగ్ అయ్యాక కూడా ఇంటికొచ్చి ట్రాక్ తెరుస్తున్నాడంటే నాకు మళ్లీ రాయండి, అప్పుడు కోర్సు సంగతి మాట్లాడదాం.