గుండెలో రంధ్రం తల్లి వైపు నుంచే వస్తుందా?

ప్రశ్న: మా మనవడికి నాలుగు నెలలు. గుండె కింది గదుల మధ్య గోడకు చిన్న రంధ్రం ఉందని ఎకో పరీక్షలో తేలింది. మైటోకాండ్రియా తల్లి నుంచే వస్తాయి కనుక లోపం కోడలి వైపుదేనని బంధువొకరు అంటున్నారు. ఇందులో నిజమెంత? మైటోకాండ్రియాకు బలమిచ్చే మందులు వాడవచ్చా?
– ఒక పాఠకురాలు, మల్కాజిగిరి, హైదరాబాద్

జవాబు: మీ బంధువు చెప్పిన మొదటి మాట నిజమే, దాని నుంచి తేల్చిన విషయమే తప్పు. కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియాకు సొంత డీఎన్‌ఏ ఉంది, అది తల్లి ద్వారానే బిడ్డకు చేరుతుంది. అయితే అందులోని జన్యువులు 37 మాత్రమే, వాటిలోనూ ప్రొటీన్లను తయారుచేయించేవి 13. మైటోకాండ్రియాకు అవసరమైన మిగతా ప్రొటీన్లు వెయ్యికి పైగా ఉంటాయి. వాటి జన్యువులు కణ కేంద్రకంలో ఉండి, తల్లిదండ్రులిద్దరి నుంచీ వస్తాయి. మేనరికపు పెళ్లిళ్లలో ఒకే లోపపు జన్యువు రెండు వైపుల నుంచీ బిడ్డకు చేరే అవకాశం పెరుగుతుందన్నది కూడా ఇక్కడ గుర్తుంచుకోవాలి. తప్పంతా కోడలి మీదికి నెట్టడం మన ఇళ్లలో పాత అలవాటే గానీ, దానికి జన్యుశాస్త్రం సాక్ష్యం చెప్పదు.

గుండె నిర్మాణంలో మైటోకాండ్రియాకు పాత్ర లేదని కాదు. గర్భం దాల్చిన తొలి ఎనిమిది వారాల్లో గుండె రూపుదిద్దుకునేటప్పుడు అవి శక్తినివ్వడంతో పాటు, ఏ కణం ఎప్పుడు గుండె కండరంగా పరిణతి చెందాలో నిర్ణయించే సంకేతాల్లోనూ పాలుపంచుకుంటాయి. మైటోకాండ్రియా ఒకదానితో ఒకటి కలవడానికి తోడ్పడే రెండు ప్రొటీన్లను ఎలుక పిండాల గుండెలో లేకుండా చేసినప్పుడు గుండె ఎదుగుదలే ఆగిపోయిందని 2013లో వెలువడిన ఒక పరిశోధన చూపింది. గర్భానికి ముందు నుంచే అదుపులో లేని మధుమేహం పిండం గుండెకు చేటు చేయడంలోనూ మైటోకాండ్రియా మీద పడే ఒత్తిడికి భాగముందని భావిస్తున్నారు.

కానీ మీ మనవడిలా ఇతర సమస్యలేవీ లేకుండా రంధ్రం ఒక్కటే ఉన్న పిల్లల్లో చాలామందికి ఫలానాదే కారణమని వేలెత్తి చూపలేం. కండరాలు మెత్తబడటం, మూర్ఛలు, గుండె కండరం మందమవడం, రక్తంలో లాక్టేట్ (కణాల్లో శక్తి తయారీ సరిగా సాగనప్పుడు పెరిగే పదార్థం) ఎక్కువగా ఉండటం వంటివి తోడైతేనే మైటోకాండ్రియా వ్యాధిని అనుమానిస్తారు. అప్పుడు నగరంలోని నిమ్స్ వంటి చోట వైద్య జన్యుశాస్త్ర నిపుణులను కలవాలి.

ఇక మీరడిగిన మైటోకాండ్రియాకు బలమిచ్చే మందుల సంగతి: అవి రంధ్రాన్ని పూడుస్తాయనడానికి ఆధారం లేదు. పసిబిడ్డకు సొంతంగా ఇవ్వవద్దు. చిన్న రంధ్రాలు చాలావరకు వాటంతటవే మూసుకుపోతాయి. పాలు తాగేటప్పుడు చెమటలు పట్టినా, ఆయాసపడినా, బరువు పెరగకపోయినా తదుపరి అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా పిల్లల గుండె వైద్యులకు చూపించండి.