విగ్రహం వట్టిదే అంటే ప్రసాదానికి భయం దేనికి?

ప్రశ్న: మాది విజయనగరం. పక్కింటి వదిన వాళ్లు క్రైస్తవులు. మామూలు రోజుల్లో మా ఇంట్లో ఏం పెట్టినా తింటుంది. సిరిమానోత్సవం నాడు పైడితల్లి ప్రసాదం ఇస్తే మాత్రం వద్దంటుంది. విగ్రహంలో ఏమీ లేదని వాళ్లే అంటారు కదా, ఏమీ లేనప్పుడు తింటే ఏమవుతుందని?
– ఒక పాఠకురాలు

జవాబు: గ్రీసు దేశంలోని కొరింథులో క్రైస్తవులు దాదాపు రెండు వేల ఏళ్ల కిందట సరిగ్గా దీని మీదే గొడవపడ్డారమ్మా. గుళ్లో బలిచ్చిన మాంసం అక్కడ విందుల్లో వడ్డించేవారు, బజారులోకీ వచ్చేది. క్రీ.శ. 50ల్లో వాళ్లకు ఉత్తరం రాసిన క్రైస్తవ బోధకుడు పౌలు ఒకచోట విగ్రహం వట్టిదే అంటాడు, కొంచెం ముందుకెళ్లాక ఆ బలులు దయ్యాలకు ఇస్తున్నవి, మీరు వాటితో పొత్తు పెట్టుకోవడం నాకిష్టం లేదు అంటాడు. రాయి వట్టిదే, దాన్ని అడ్డం పెట్టుకుని బలి అందుకునేది మాత్రం వట్టిది కాదని ఆయన నమ్మకం. మీ ప్రశ్నకి అసలు జవాబు ఇదే. తొలి క్రైస్తవుల్లో చాలామందికి అన్య దేవతలు ఉత్త కట్టుకథలు కావు, దగ్గరికి వెళ్తే అంటుకునే ప్రమాదం. 155 ప్రాంతంలో రోము చక్రవర్తికి విన్నపం రాసిన క్రైస్తవ పండితుడు జస్టిన్ కూడా దయ్యాలే జనాన్ని భయపెట్టి దేవుళ్లమని పూజలు చేయించుకున్నాయని వాదించాడు.

ఈ భయం ఎంత దూరం వెళ్లిందో ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజ్ నగర బిషప్ సిప్రియన్ రాసిన ఒక సంగతిలో కనిపిస్తుంది. 249 చివర్లో రోము చక్రవర్తి డెసియస్ అందరూ దేవతలకు బలిచ్చి, ఆ మాంసం రుచి చూసి, అధికారుల దగ్గర సర్టిఫికెట్ తీసుకోవాలని ఆజ్ఞ వేశాడు (ఈజిప్టులో అలాంటివి నలభైకి పైగా దొరికాయి). అప్పుడు తల్లిదండ్రులు పారిపోతే దాది చేతిలో ఉండిపోయిన ఒక పసిపాపకి, మాంసం తినే వయసు కాదని, బలిలో మిగిలిన ద్రాక్షారసంలో రొట్టె కలిపి పెట్టారట. తర్వాత ఏమీ తెలియని తల్లి పాపని ప్రభువు బల్లకి (యేసుని తలుచుకుంటూ రొట్టె, ద్రాక్షారసం తీసుకునే ఆరాధనకి) ఎత్తుకెళ్తే, ఆ ద్రాక్షారసం గిన్నె దగ్గరికి రాగానే పెదాలు బిగించుకుని, బలవంతంగా పోస్తే వాంతి చేసుకుందట. పసిబిడ్డకి పాపం ఎక్కడిది అని నాకు బాధేస్తుంది, కానీ సిప్రియన్ అది కళ్లారా చూశానని 251లో గట్టిగా రాశాడు.

అవతల దేవతల్ని కొలిచేవాళ్లకీ భయమే. నదికి వరదొచ్చినా, వాన పడకపోయినా క్రైస్తవులు దేవతలకు కోపం తెప్పించడం వల్లేనని జనం వాళ్లని సింహాలకు వెయ్యమని అరిచేవారని క్రైస్తవ రచయిత తెర్తుల్లియన్ 197 ప్రాంతంలో రాశాడు.

మీ వదిన విషయానికొస్తే, పౌలు ఆ ఉత్తరంలోనే దారి చెప్పాడు. బజారులో అమ్మేది ఆరా తీయకుండా కొనుక్కోండి, భోజనానికి పిలిస్తే వెళ్లి పెట్టింది తినండి, ఇది దేవుడికి పెట్టిందని ఎవరైనా చెబితే మాత్రం తినొద్దు, ఆ చెప్పినవాళ్ల మనసు కోసం. ఆమె చేస్తున్నది అచ్చం అదే, ఇందులో మీకు అవమానం ఏమీ లేదు. దయ్యాలన్న మాట మీకు గుచ్చుకుంటుందని తెలుసు. బలివ్వనంటే ప్రాణం తీసే రోజుల్లో మరింత పదునెక్కిన ఆ మాటని ఇవాళ పొరుగువాళ్ల పండగ మీద మైకులో అరిచేవాళ్లని నేను అస్సలు సమర్థించను. మీ వదిన ఆ పని చెయ్యలేదు కదా. ఈసారి నైవేద్యం పెట్టనిది విడిగా వండి పంపండి, ఆ సంగతి ముందే చెప్పండి, ఆమెకి అడగాల్సిన ఇబ్బంది ఉండదు.