యాభై దాటాకే మొదలయ్యే సీజన్

ప్రశ్న: అమెరికాలో ఉన్న మా అమ్మాయి దగ్గరికి వెళ్లినప్పుడు టీవీలో గోల్ఫ్ చూశాను. ఆడేవాళ్లంతా దాదాపు నా వయసువాళ్లే. కొందరు చిన్న బండిలో తిరుగుతున్నారు. ఇది నిజమైన పోటీయేనా, లేక పాత ఆటగాళ్ల గౌరవార్థం పెట్టే ప్రదర్శనా?
– ఒక రిటైర్డ్ లెక్కల మాస్టారు

జవాబు: నిజమైన పోటీయే మాస్టారూ. మీరు చూసింది పీజీఏ టూర్ ఛాంపియన్స్, ఏడాది పొడవునా సాగే గోల్ఫ్ టోర్నీల వరుస. 50 ఏళ్లు నిండిన మగవాళ్లే ఆడాలి. మీ అనుమానంలోనూ కొంత న్యాయం ఉంది, ఎందుకంటే దీని పుట్టుక మీరన్నట్టే జరిగింది. 1978లో టెక్సస్‌లోని ఆస్టిన్‌లో పాత దిగ్గజాలను జంటలుగా ఆడించి, టీవీలో చూపించారు. మొదటి ఏడాది శామ్ స్నీడ్, గార్డ్‌నర్ డికిన్సన్ జంట గెలిచింది. మరుసటి ఏడాది ఇంకో రెండు జంటలు టైబ్రేక్‌లో ఆరు హోల్స్ దాకా తెగించి ఆడాయి (బంతిని ఒక గుంతలో వేసేదాకా సాగే ఒక్కో అంకం ఒక హోల్). ఈ వయసులోనూ వీళ్లు ఇంత పట్టుదలగా ఆడతారా అని జనం ఆశ్చర్యపోయారు. 1980లో సీనియర్ టూర్ మొదలైంది. దాని ఇప్పటి పేరే పీజీఏ టూర్ ఛాంపియన్స్.

ఇప్పుడు ఒక సీజన్ ఎలా నడుస్తుందో చెబుతాను. జనవరిలో హవాయిలోని హువాలలాయ్‌లో మొదలై, నవంబరులో అరిజోనాలోని ఫీనిక్స్‌లో ముగుస్తుంది. మామూలు సీజన్‌లో గెలుచుకున్న డాలర్లే పాయింట్లు. చివర్లో మూడు ప్లేఆఫ్ టోర్నీలుంటాయి. మొదటిదానికి 72 మంది, రెండోదానికి 54 మంది, ఆఖరుదానికి 36 మందే మిగులుతారు. అందరికంటే పైన ఉన్నవాడికి చార్లెస్ శ్వాబ్ కప్, దాంతోపాటు పది లక్షల డాలర్ల యాన్యుటీ, అంటే విడతలుగా అందే సొమ్ము. ప్రదర్శన కోసమైతే ఇంత లెక్కాపత్రం ఎవరూ పెట్టరు కదా.

లెక్కలు పక్కన పెట్టి, 2024 సీజన్‌లో ఒకే ఒక్క మనిషి గురించి చెప్పనివ్వండి. బెర్న్‌హార్డ్ లాంగర్, జర్మన్. గోల్ఫ్‌లో అతి పెద్ద టోర్నీల్లో ఒకటైన మాస్టర్స్‌ను 1985లో, 1993లో గెలిచినవాడు. 2023 జులైలో విస్కాన్సిన్‌లో యూఎస్ సీనియర్ ఓపెన్ గెలిచి, సీనియర్ టూర్‌లో హేల్ ఇర్విన్ పేరు మీదున్న 45 విజయాల రికార్డు దాటాడు. అప్పటికి వయసు 65. ఆ తర్వాతి ఫిబ్రవరిలో పికిల్‌బాల్ (టెన్నిస్ లాంటి, చిన్న కోర్టులో ఆడే ఆట) ఆడుతుండగా మడమ వెనక ఉండే అకిలిస్ స్నాయువు తెగింది. ఆపరేషన్ చేశారు.

ఆ వార్త చదివినప్పుడు నా కాలు జివ్వుమంది. 59వ ఏట షటిల్ ఆడుతూ నేనూ అదే స్నాయువు తెంపుకున్నాను. వెనక నుంచి ఎవరో రాయి విసిరినట్టయింది. తిరిగి చూస్తే ఎవరూ లేరు. తర్వాత బూటు, అందులో మడమ కింద ఒకదాని మీద ఒకటి పేర్చిన మెత్తటి ముక్కలు. కొన్నాళ్లకు ఒక ముక్క తీసేవాళ్లు. ఆ ముక్క తీసిన రోజల్లా, పాదం నేలకి దిగుతున్నందుకు సంతోషం, పిక్క లాగుతున్నందుకు భయం. మూడో నెలలో కూడా మునివేళ్ల మీద లేవలేకపోయాను. పై అరలో డబ్బా కావాలంటే కుర్చీ వేసుకోవాల్సిందే. మెట్లు దిగేటప్పుడు రెండు కాళ్లూ ఒకే మెట్టు మీద ఆనించాకే తర్వాతి మెట్టు.

లాంగర్ మూడు నెలలకే, మే నెలలో, పోటీకి తిరిగొచ్చాడు. గోల్ఫ్‌లో పరుగు ఉండదు కాబట్టి తేలికే అనుకోవద్దు. బంతిని బలంగా కొట్టాలంటే శరీరం బరువంతా ఒక కాలి నుంచి ఇంకో కాలికి మారాలి. ఆ తోపు పుట్టేది పాదం దగ్గరే. మీరు చూసిన ఆ చిన్న బండి, అదే కార్ట్, ఇలాంటివాళ్లకే ప్రాణం పోసింది. నడక బాధ తగ్గుతుంది, కొట్టడం మాత్రం కాళ్ల మీద నిలబడే కొట్టాలి. కార్ట్ ఎక్కినవాణ్ని తక్కువగా చూడకండి మాస్టారూ.

ఆ ఏడాది ఆఖరి టోర్నీ దాకా అతనికి ఒక్క విజయం కూడా లేదు. 2007 నుంచి ఏటా కనీసం ఒకటి గెలుస్తూ వచ్చిన మనిషి. ఫీనిక్స్‌లో ఆఖరి రోజు, ఆఖరి హోల్, దాదాపు 30 అడుగుల పట్, అంటే బంతిని నేల మీద దొర్లిస్తూ గుంతలోకి కొట్టే దెబ్బ. నేను తెల్లవారుజామున టీవీ సౌండు తగ్గించుకుని చూస్తున్నాను, ఇంట్లోవాళ్లు నిద్రలో ఉన్నారు. బంతి హోల్‌లో పడింది. బర్డీ, అంటే ఆ హోల్‌కు పెట్టిన లెక్క కంటే ఒక దెబ్బ తక్కువ. గోల్ఫ్‌లో తక్కువ దెబ్బలు కొట్టినవాడే విజేత. స్టీవెన్ ఆల్కర్, రిచర్డ్ గ్రీన్‌ల కంటే ఒక్క స్ట్రోకు (దెబ్బ) తేడాతో గెలుపు. ఆ రోజు అతని స్కోరు 66, వయసు 67. మొత్తం 47వ విజయం, వరుసగా పద్దెనిమిదో ఏడాది. నేను లేచి నిలబడ్డాను. చూసుకుంటే మునివేళ్ల మీద ఉన్నాను.

ప్రశ్న: సీనియర్ టోర్నీల్లో మూడు రోజులే ఆట, కట్ కూడా ఉండదంటారు. మరి టెన్షన్ ఏముంటుంది?
– ఒక డిగ్రీ విద్యార్థి

జవాబు: మూడు రోజులు కావడమే టెన్షన్ బాబూ. 54 హోల్స్‌లో తేలిపోవాలి. శుక్రవారం సరిగా ఆడకపోతే, సర్దుకోవడానికి ఇంకా రెండు రోజులే ఉంటాయి. కట్ అంటే వెనకబడ్డవాళ్లను టోర్నీ మధ్యలోనే తప్పించడం. అది లేదు కాబట్టి ఇంటికి పంపరు, నిజమే. కానీ పట్టికలో కిందపడ్డవాడికి పెద్దగా పాయింట్లు రాలవు.

ఇక అయిదు మేజర్లున్నాయి, అంటే అన్నిటికంటే పెద్ద టోర్నీలు, వాటిలో నాలుగు రోజులూ ఆడాలి. యూఎస్ సీనియర్ ఓపెన్‌లోనైతే కట్ కూడా ఉంటుంది. 2024లో అది రోడ్ ఐలాండ్‌లోని న్యూపోర్ట్‌లో జరిగింది. వాన వల్ల ఆదివారం ముగియాల్సిన ఆట సోమవారానికి పోయింది. ఇంగ్లండ్‌కు చెందిన రిచర్డ్ బ్లాండ్, జపాన్‌కు చెందిన హిరోయుకి ఫుజిటా సమానంగా నిలిచారు. ప్లేఆఫ్‌లో, అంటే ఇక్కడ టైబ్రేక్‌లో, నాలుగో హోల్ దగ్గర బ్లాండ్ గెలిచాడు. అంతకు కొద్ది వారాల ముందే సీనియర్ పీజీఏ అనే మేజర్ కూడా అతనే గెలిచాడు, అదీ సీనియర్లలో అతను ఆడిన మొట్టమొదటి టోర్నీ. వీలు దొరికితే ఆ ప్లేఆఫ్ ఒక్కసారి చూసి, తర్వాత నాకు మళ్లీ రాయి.

ప్రశ్న: నాకిప్పుడు 48. ఇరవై ఏళ్లుగా చేస్తున్న ఉద్యోగంలో నా తర్వాత వచ్చినవాళ్లంతా ముందుకెళ్లారు. మీరు సీనియర్ గోల్ఫ్ గురించి రాస్తుంటారు కదా, అక్కడైనా పేరు లేనివాడికి చోటు ఉంటుందా?
– పేరు రాయవద్దన్న పాఠకుడు

జవాబు: ఉంటుంది, కానీ ఇరుకు దారి. ముందు అది చెప్పకపోతే మీకు అన్యాయం చేసినవాణ్నవుతాను. వయసులో ఉండగా బాగా గెలిచినవాళ్లకే చాలా చోట్లు పోతాయి. క్వాలిఫయింగ్ స్కూల్ అనే అర్హత పోటీ నుంచి అయిదుగురికే కార్డు, అంటే సీజన్‌లో ఆడే హక్కు. మిగిలినవాళ్లు సోమవారం క్వాలిఫయర్‌లో గెలిచి, ఆ వారానికి లోపలికి రావాలి.

స్టీవెన్ ఆల్కర్ అలాగే వచ్చాడు. పైన చెప్పిన ఆల్కరే, న్యూజిలాండ్‌వాడు. అమెరికాలో అతి పెద్ద టూర్ అయిన పీజీఏ టూర్‌లో ఒక్క విజయం లేదు. ఏళ్ల తరబడి దాని కింది మెట్టు టూర్‌లోనే గడిపాడు. 2021 జులైలో 50 నిండాయి. ఆగస్టులో సియాటిల్ దగ్గర జరిగిన బోయింగ్ క్లాసిక్‌కు సోమవారం క్వాలిఫయర్ ఆడి లోపలికొచ్చి, టాప్ 10లో నిలిచాడు. టాప్ 10లో ఉంటే తర్వాతి వారం చోటు దొరుకుతుంది. అక్కడా టాప్ 10. ఆ తర్వాతి వారం మళ్లీ. వారానికోసారి తన ఉద్యోగం తానే రెన్యువల్ చేసుకున్నట్టు! నవంబరులో ఫ్లోరిడాలో టింబర్‌టెక్ ఛాంపియన్‌షిప్ గెలిచాక అలా వారం వారం చోటు సంపాదించుకోవాల్సిన అవసరం తప్పింది. 2022లో నాలుగు టోర్నీలు గెలిచాడు. అందులో ఒకటి సీనియర్ పీజీఏ, అక్కడ ఆఖరి రోజు స్కోరు 63. ఆ ఏడాది చార్లెస్ శ్వాబ్ కప్ అతనిదే. 2024లోనూ అతనిదే.

అంటే ఫీనిక్స్‌లో లాంగర్ ఆ పొడవైన పట్ వేసిన రోజునే, ఒక్క స్ట్రోకు వెనకబడి టోర్నీ పోగొట్టుకున్న ఆల్కర్ సీజన్ మొత్తం గెలిచాడు.

మీ ఉద్యోగం సంగతి నాకు తెలియదు, తెలియని దానికి సలహా ఇవ్వను. కానీ ఆల్కర్ విషయంలో నన్ను పట్టుకున్నది ఆ కప్పులు కావు. ఆ ఆగస్టు సోమవారం అతను క్వాలిఫయర్‌కు వెళ్లాడు. అప్పటికి అతని పేరు చూసి టికెట్ కొనేవాళ్లు లేరు.