హార్డ్ డిస్క్ మార్చాక సాఫ్ట్‌వేర్లన్నీ తిక్కతిక్కగా ఉన్నాయా? ఫార్మాట్ కొట్టే ముందు డి డ్రైవ్ తెరిచి చూడండి

అన్నా, ఎస్ఎస్‌డీకి (వేగంగా పనిచేసే కొత్తరకం డిస్క్) క్లోన్ చేశాక, అంటే పాత డిస్క్‌లోది ఉన్నదున్నట్టు కాపీ చేశాక, విండోస్ బానే ఆన్ అవుతోంది గానీ ట్యాలీలో (లెక్కల సాఫ్ట్‌వేర్) కంపెనీ కనపడట్లేదు, డెస్క్‌టాప్ ఖాళీ, తెలుగు ఫైళ్ళన్నీ పిచ్చి అక్షరాలు, మొత్తం ఫార్మాట్ కొట్టేయనా అని అడిగారు కదా. అస్సలొద్దు, అచ్చం ఇదే మాకూ జరిగింది.

మా బాబాయికి తెనాలిలో చిన్న డీటీపీ షాపు. పాత 500 జీబీ హార్డ్ డిస్క్, స్విచ్ వేసి వెళ్ళి టీ తాగొచ్చినా ఇంకా ఆ గుండ్రాలు తిరుగుతూనే ఉండేవి. నేనే 240 జీబీ ఎస్ఎస్‌డీ కొనుక్కెళ్ళి సి డ్రైవ్ ఒక్కటే దాంట్లోకి క్లోన్ చేశా, డి లో డేటా అందులో పట్టదు కాబట్టి పాత డిస్క్‌ని కూడా లోపలే ఉంచేశా. నిమిషం కూడా పట్టకుండా డెస్క్‌టాప్ వచ్చేసరికి బాబాయి తెగ సంబరపడ్డాడు, ఆ సంబరం ఓ పది నిమిషాలే. పెళ్ళి కార్డు ఫైల్ తెరిస్తే "చి.ల.సౌ." ఉండాల్సిన చోట ఇంగ్లీషు అక్షరాలు, కామాలు, డాలర్ గుర్తులు. అసలే శ్రావణమాసం, కార్డు వాళ్ళు ఎదురుగా స్టూలు మీద కూర్చునున్నారు. "బాగున్నదాన్ని కెలికావు కదరా" అన్నాడు.

నేను కంగారులో ఫాంట్లు మళ్ళీ వేశా, ట్యాలీ తీసి మళ్ళీ ఎక్కించా, సగం రోజు పోయింది, ట్యాలీ అయితే అలాగే ఉంది. చివరికి సాయంత్రం ఎందుకో డి డ్రైవ్ తెరిస్తే అందులో విండోస్, యూజర్స్, ప్రోగ్రామ్ ఫైల్స్ ఫోల్డర్లు ఉన్నాయి! అంటే అది పాత సి. మా అసలు డి ఏమో 'ఈ' (E) అయి కూర్చుంది.

ఎందుకలా అంటే, ప్రతి డిస్క్‌కీ లోపల ఒక గుర్తింపు నంబరు ఉంటుంది, ఏ డ్రైవ్ ఏ లెటరో (సి, డి లాంటి అక్షరం) విండోస్ దాన్ని బట్టే గుర్తుపెట్టుకుంటుంది. మా క్లోనింగ్ టూల్ ఆ నంబరు కూడా ఉన్నదున్నట్టు కాపీ చేసింది, దాంతో ఒకే నంబరుతో రెండు డిస్కులు కనపడేసరికి విండోస్ పాతదాన్ని ఆఫ్‌లైన్‌లో, అంటే వాడకుండా పక్కన, పెట్టేసింది. నేను తెలివిగా రైట్ క్లిక్ కొట్టి ఆన్‌లైన్ చేశా. అప్పుడు దానికి కొత్త నంబరు రాసేస్తుందన్నమాట, ఇక పాత లెటర్లు గుర్తుండవు, ఖాళీ ఉన్నవి వరసగా ఇచ్చుకుంటూ పోతుంది. ట్యాలీకి డేటా దారి డి అని ఉంది, డెస్క్‌టాప్ ఫోల్డర్‌ని ఎప్పుడో డి కి మార్చారు, తెలుగు ఫాంట్లు కూడా ఎవడో కాపీ చేయకుండా డి లోంచి షార్ట్‌కట్‌గా వేశాడు. అన్నీ ఒకేసారి పోయాయంటే అదీ సంగతి.

మీరు స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేసి డిస్క్ మేనేజ్‌మెంట్‌లోకి వెళ్ళండి. ముందు సి సైజు చూడండి, ఎస్ఎస్‌డీ సైజుకి దగ్గరగా ఉందా, లేక కంప్యూటర్ ఇంకా పాత డిస్క్ నుంచే ఆన్ అవుతోందా అని (నవ్వకండి, ఇది చాలామందికి జరుగుతుంది). తర్వాత డి పేరుతో కూర్చున్న పాత సి కి లెటర్ తీసేయండి, అప్పుడు మీ అసలు డేటా డ్రైవ్‌కి డి ఇవ్వండి. కొన్ని ప్రోగ్రాములు పనిచేయకపోవచ్చని హెచ్చరిక వస్తుంది, మనం చేసేది వాటిని పనిచేయించడానికే కాబట్టి ఎస్ కొట్టి రీస్టార్ట్ చేయండి. ఇప్పుడు మీరున్న సి జోలికి మాత్రం పోకండి. మాకు రీస్టార్ట్ అవగానే డెస్క్‌టాప్ నిండా ఐకాన్లు వచ్చేశాయి, ట్యాలీలో కంపెనీ కూడా.

లైసెన్సులు వేరే గొడవ. విండోస్ 10 యాక్టివేషన్ ప్రధానంగా మదర్‌బోర్డు మీద ఆధారపడుతుంది, ఒట్టి డిస్క్ మార్చితే మామూలుగా పోదు, మాకూ పోలేదు. కానీ ఒక సాఫ్ట్‌వేర్ డిస్క్ నంబరు చూసుకునే రకం, అది కొత్త కోడ్ అడిగింది, వాళ్ళకి ఫోన్ల మీద ఫోన్లు చేస్తే రెండు రోజులకి ఇచ్చారు. డిస్క్ మార్చకముందే దాన్ని డీయాక్టివేట్ చేసుంటే ఈ తిప్పలు ఉండేవి కావు.

పాత డిస్క్‌లో ఉన్న సి ని ఓ నెల దాకా చెరపకండి. బాబాయి మర్నాడే "ఆ ఖాళీలో సినిమాలు పెట్టుకుంటా" అన్నాడు, నేను ఒప్పుకోలేదు.

ముందు మీ డి తెరిచి అందులో విండోస్ ఫోల్డర్ ఉందో లేదో చెప్పండి. లేకపోతే మీది వేరే సమస్య, అప్పుడు చూద్దాం.