ఎవరూ పట్టించుకోని జానర్లలో వీడియో గేములు చేయడం మంచిదేనా?

మంచిదే, ముఖ్యంగా చిన్న స్టూడియోలకు. కానీ ఆ జానర్‌ను ఇష్టపడేవాళ్లు ఇంకా ఉన్నారని తేల్చుకున్నాకే దిగాలి. షూటర్ల వంటి రద్దీ జానర్లలో భారీ బడ్జెట్ గేములతో పోటీ పడాలి. ఎంత బాగా చేసినా కొత్త గేమ్ జనం కంట పడటమే కష్టం. పెద్ద కంపెనీలు వదిలేసిన జానర్‌లో అభిమానులు పాత గేములనే మళ్లీ మళ్లీ ఆడుతూ, వాటికి సొంతంగా మార్పులు (మోడ్‌లు) చేసుకుంటూ కొత్తదాని కోసం ఎదురుచూస్తుంటారు. మొదట కొనేది, నలుగురికీ చెప్పేది వాళ్లే.

నగర నిర్మాణ గేములనే చూడండి. 2013లో వచ్చిన సిమ్‌సిటీకి ఎప్పుడూ ఇంటర్నెట్ ఉండాల్సి రావడం, నగరానికి ఇచ్చిన స్థలం మరీ చిన్నది కావడంతో అభిమానులు బాగా నిరాశపడ్డారు. 2015లో ఫిన్లాండ్‌కు చెందిన చిన్న స్టూడియో కొలోసల్ ఆర్డర్ 'సిటీస్: స్కైలైన్స్' చేసింది. విశాలమైన మ్యాపులు, ఆఫ్‌లైన్‌లో ఆడే వీలు, మోడ్‌లకు అనుమతి. నెల రోజుల్లోనే 10 లక్షల కాపీలు అమ్ముడయ్యాయి.

చాలామంది పొరబడేది ఒక్కచోటే: పోటీ లేదంటే గెలుపు ఖాయం అనుకుంటారు. కొన్ని జానర్లు ఆడేవాళ్లే లేక ఖాళీ అయ్యాయి. కొన్ని, వచ్చే లాభం పెద్ద కంపెనీలకు చాలక ఖాళీ అయ్యాయి. చిన్న స్టూడియోకు పనికొచ్చేది ఈ రెండో రకమే.