రాయగడ తమ్ముడికి: వేడెక్కిన పాత కారుకి డబ్బులు పోసే ముందు

రాయగడ తమ్ముడు అడిగినదానికి ముందు జవాబు చెప్పీసి, మిగతాది తర్వాత చెప్తాను. తను డాలస్‌లో ఎం.ఎస్. చదువుతున్నాడు, 2005 టొయోటా కామ్రీ, నాలుగు సిలిండర్లది, ముప్పై రెండు వందల డాలర్లకి కొన్నాడంట. హైవే మీద టెంపరేచర్ ముల్లు ఎర్ర గీత దాటితే పక్కకి తీసి, కాస్త చల్లారాక బాటిల్ నీళ్ళు పోసి ఇంటిదాకా తెచ్చీసుకున్నాడు, ఇప్పుడు స్టార్ట్ చేస్తే వెనక తెల్లపొగ. మెకానిక్ ఇరవై రెండు వందలు అవుద్ది అన్నాడు. "చేయించీమంటారా అన్నా, ఇంటికి ఫోన్ చేసి డబ్బులు అడగమంటారా" అని.

తమ్ముడూ, ఆ ఇంజను మళ్ళీ స్టార్ట్ చెయ్యకు, ఒక్కసారి చూద్దాం అని కూడా తిప్పకు. తెల్లపొగకి తియ్యటి వాసన ఉందంటే కూలెంట్, అదే ఇంజన్ని చల్లబరిచే ద్రవం, సిలిండర్లోకి వెళ్ళిపోతుందని అర్థం, చాలామట్టుకు అది హెడ్ గాస్కెట్టే, అంటే ఇంజను కింది భాగం బ్లాకుకీ, పైభాగం హెడ్డుకీ మధ్య లీకు రాకుండా వేసే పల్చటి రేకు. అదే కూలెంట్ ఆయిల్లో కలిసిందనుకో బేరింగులు కూడా పోతాయి, అప్పుడు గాస్కెట్ పని కాస్తా ఇంజను మార్చే పని అవుద్ది. ఆ ఎస్టిమేటు మీద ఇప్పుడే సంతకం పెట్టకు. ఇంటికి ఫోన్ చేసి డబ్బు అడగడం కూడా కొన్నాళ్ళు ఆపు. ఎందుకో కొంచెం పెద్దగానే చెప్తాను, ఎందుకంటే ఇదే పని మీద నేను కారు కొన్న ధర కన్నా ఎక్కువ పోసుకున్నాను, అదీ అప్పు చేసి.

మాది ఒడిశాలో సునాబెడా. నాన్న ఎచ్.ఏ.ఎల్.లో, అదే హిందుస్తాన్ ఏరోనాటిక్స్‌లో చేసేవారు, 1964లో మిగ్ విమానాల ఇంజన్ల కోసం పెట్టిన డివిజన్ అది. పెళ్ళి బట్టలకైనా పెద్దాసుపత్రికైనా మాకు వైజాగే దిక్కు, అంటే సెమిలిగుడ, పొట్టంగి, సుంకి మీదుగా సాలూరు ఘాటీ దిగాలి, అప్పట్లో అది ఎన్‌హెచ్ 43, ఇప్పుడు 26. దిగేటప్పుడు ఏం కాదు, తిరిగొచ్చేటప్పుడే బాధ. టాక్సీ అంబాసిడర్లో ఇంటిల్లిపాదీ, డిక్కీ నిండా సామాను, సుంకి వచ్చేసరికి బానెట్ సందుల్లోంచి ఆవిరి వచ్చీది. డ్రైవర్ మావ బండి ఆపి, చేతికి గోనెగుడ్డ చుట్టుకుని మూత తిప్పి, డబ్బాతో వాగునీళ్ళు పోసీవాడు. మేం గుంటలం అక్కడ రాళ్ళ మీద కూర్చుని సీతాఫలాలు తినీసరికి బండి మళ్ళీ బయల్దేరీది. కారు గురించి నాకు తెలిసిందంతా అదే, వేడెక్కితే నీళ్ళు పొయ్యి, కాసేపాగు, వెళ్ళిపో.

ఆ అంబాసిడర్‌కి అది చెల్లింది, ఎందుకంటే దాని బ్లాకూ హెడ్డూ రెండూ పోత ఇనుమే, మొండి ఇంజను. నువ్వు కొన్న కామ్రీకీ, ఈ దేశంలో మనలాంటివాళ్ళం కొనే పాత బళ్ళు దాదాపు అన్నిటికీ హెడ్డు అల్యూమినియంది. అల్యూమినియం వేడికి పోత ఇనుము కన్నా ఇంచుమించు రెట్టింపు సాగుతుంది, చుట్టూ బోల్టులతో బిగించి ఉంటుంది కాబట్టి సాగే చోటు లేక వంగిపోద్ది, చల్లారాక కూడా మళ్ళీ సమంగా రాదు. ఆ వంపు కంటికి కనపడదు, కానీ గాస్కెట్ అక్కడ పట్టు వదిలీస్తుంది.

నేను కొలంబస్‌లో దిగిన మొదటి ఏడాది ఓ పాత జపాను సెడాను కొన్నాను, ఇరవై ఎనిమిది వందల డాలర్లు. కూలెంట్ కొంచెం కొంచెం తగ్గేది. గ్యాలను కూలెంట్ పది పన్నెండు డాలర్లు, దాన్ని రూపాయల్లోకి మార్చుకుని చూస్తే చెయ్యి వచ్చేది కాదు, అందుకని ఎండాకాలం అంతా కుళాయి నీళ్ళు పోస్తూ వచ్చాను. మన సునాబెడా చలి అంటే పొగమంచు, స్వెట్టరు, అంతేకదా. ఒహాయోలో జనవరి పొద్దున్న మైనస్ పద్ధెనిమిదో ఎంతో ఉంది, ఐ-71 హైవే ఎక్కాను, హీటర్లోంచి చల్లగాలి వస్తుంది, ముల్లు పైకి పోతుంది. ఇంత చలిలో ఇంజను వేడెక్కడం ఏటి, మీటరే పాడయి ఉంటుంది అనుకుని ఇంకో రెండు ఎగ్జిట్లు నడిపీసాను. రేడియేటర్లో నీళ్ళు గడ్డకట్టి ఉన్నాయి, ఇంజన్లో నీళ్ళు కదిలే దారే లేదు, అందుకే వేడెక్కింది. కూలెంటూ డిస్టిల్డ్ వాటరూ సగం సగం కలిపితే సుమారు మైనస్ 37 డిగ్రీల సెల్సియస్ దాకా గడ్డకట్టదు, రేడియేటర్‌కి 15 పౌండ్ల ప్రెషర్ క్యాప్ ఉంటే 129 డిగ్రీల దాకా మరగదు. డాలస్‌లో మీకు చలి బాధ తక్కువైనా ఆగస్టు ఎండకి ఆ రెండో లెక్క కావాలి. డబ్బా మీద ముందే కలిపినది అని ఉందో లేదో చూసుకుని కొను, కలిపినదాన్లో మళ్ళీ నీళ్ళు పోస్తే పల్చనైపోద్ది.

ఇంక డబ్బులు పోయిన వరస చెప్తాను, అసలు సంగతి అదే. మొదటి మెకానిక్ థెర్మోస్టాట్, అదే కూలెంట్ దారి తెరిచి మూసేది, మార్చాలి అన్నాడు, మార్పించాను. తర్వాత రేడియేటర్ అన్నాడు, అదీ మార్పించాను. తర్వాత వాటర్ పంప్, దాంతోపాటు టైమింగ్ బెల్టు. అన్నీ కలిపి ఎనిమిది వందలు దాటింది, పొగ మాత్రం ఆగలేదు. అప్పుడు హెడ్ గాస్కెట్ అన్నాడు, ఇంకో పదకొండు వందలు. చేతిలో డబ్బు లేదు, క్రెడిట్ కార్డు గీకాను. గాస్కెట్ మార్చాడు, బండి చక్కగా నడిచింది, రెండు నెలలు తిరక్కుండా మళ్ళీ అదే పొగ, ఆయిల్ మూత కింద పాలు కలిపిన కాఫీ రంగు జిగురు.

ఆ వారం నాన్నకి ఫోన్ చేశాను. డబ్బు సంగతి చెప్పకుండా బండి సంగతి మాత్రం చెప్పాను. నాన్న వెంటనే అడిగింది ఒక్కటే, "హెడ్డు ఫేసు, అదే గాస్కెట్ ఆనే వైపు, కొలిచారా? కొలత కాగితం ఉందా?" అని. వాళ్ళ షాపులో విప్పిన ఏ ముక్కా కొలవకుండా తిరిగి ఎక్కదు. నాకు కొలుస్తారన్న సంగతే తెలీదు, మెకానిక్‌ని అడిగితే కంటితో చూశాను, బాగానే ఉంది అన్నాడు. ఈసారి ఇంకొకడితో హెడ్డు విప్పించి మెషీన్ షాపుకి నేనే పట్టుకెళ్ళాను. అక్కడి పెద్దాయన ఒక తిన్నటి ఉక్కు బద్ద హెడ్డు మీద అడ్డంగా, ఐమూలగా పెట్టి, కింద ఫీలర్ గేజ్, అదే సందు కొలిచే పల్చటి రేకు, దూర్చి చూపించాడు. చాలా జపాను ఇంజన్లకి ఒప్పుకునే వంపు 0.05 మిల్లీమీటరు, నాది దానికి ఎన్నో రెట్లు వంగి ఉంది. అలాంటి హెడ్డు మీద ఎంత ఖరీదైన గాస్కెట్ వేసినా నిలవదు. పగుళ్ళు ఉన్నాయేమో ప్రెషర్ టెస్ట్ చేసి, ఫేసు చెక్కి ఇచ్చాడు, నూట ఇరవై డాలర్లు. ఆ నూట ఇరవై డాలర్ల పని మొదటిసారే చేయించి ఉంటే పదకొండు వందల పని రెండుసార్లు చేయించుకునే ఖర్మ ఉండేది కాదు.

మొత్తం మూడు వేలు దాటింది. కార్డు మీద వడ్డీ ఇరవై శాతం పైన, నెలనెలా మినిమం కట్టుకుంటూ పోతే అసలు కదలదు. క్యాంపస్ జీతంలోంచి బియ్యం, పప్పు తప్ప ఏం కొనకుండా తీర్చాను, ఇంటినుంచి ఒక్క రూపాయి తెప్పించుకోలేదు. ఆ బండే మళ్ళీ ఏళ్ళ తరబడి నడిచింది, దాన్లోనే ఉద్యోగానికి తిరిగాను, ఇప్పుడు ఇల్లూ వాకిలీ అన్నీ ఉన్నాయి. ఇది గొప్పకి చెప్పట్లేదు, నిభాయించుకోవచ్చు అని నీకు తెలియడానికి చెప్తున్నాను.

నీ బండి దగ్గరకొస్తే. ముందు ఏటి పోయిందో రుజువు కావాలి. బ్లాక్ టెస్ట్ అని ఉంది, రేడియేటర్ మూతి మీద గొట్టం పెట్టి అందులో నీలం ద్రవం పోస్తారు, సిలిండర్ లోపలి గ్యాస్ కూలెంట్లోకి వస్తుంటే అది పసుపుకి తిరుగుతుంది. ఆటోజోన్ లాంటి పార్ట్స్ షాపుల్లో డిపాజిట్ కడితే ఆ పరికరం ఇస్తారు, తిరిగిచ్చేస్తే డబ్బు వెనక్కి ఇచ్చేస్తారు, ద్రవం మాత్రం కొనుక్కోవాలి. కానీ దానికి ఇంజను కాసేపు నడపాలి, నీ పొగ చూస్తే ఆ పని మెకానిక్ దగ్గరే చేయించు, లేదా ఇంజను నడపక్కర్లేని లీక్‌డౌన్ టెస్ట్, అంటే సిలిండర్లోకి గాలి కొట్టి ఎక్కడ లీకవుతుందో చూసేది, చెయ్యమను. వంద, నూటయాభై డాలర్లు అవుతాయి, అవి దండగ అనుకోకు. థెర్మోస్టాట్, ఫ్యాను, క్యాపు, గొట్టాలు, ఇవి కూడా చూడమను, ఎందుకంటే గాస్కెట్ పోయింది సరే, అసలు మొదట వేడెక్కింది దేనివల్లో దొరక్కపోతే కొత్త గాస్కెట్ కూడా అదే దారిలో పోద్ది.

కామ్రీకి ఇంకో సంగతి ఉంది. ఆ ఏళ్ళ 2.4 లీటర్ ఇంజను, 2ఏజెడ్-ఎఫ్ఈ అంటారు, దానికి హెడ్ బోల్టులు పట్టే థ్రెడ్లు, అదే మరలు, బ్లాకులోంచి ఊడిపోయే జబ్బు పేరుపడింది, ముఖ్యంగా క్యాబిన్ వైపు బోల్టులకి. అలాంటప్పుడు కొత్త గాస్కెట్ వేసి బిగిస్తే బిగుతు పట్టదు, బ్లాకుకి టైమ్‌సర్ట్ లాంటి ఉక్కు థ్రెడ్ ఇన్సర్టులు వెయ్యాలి. కాబట్టి ఇరవై రెండు వందలు అన్నవాణ్ణి అడుగు, ఈ ధరలో హెడ్డు మెషీన్ షాపుకి వెళ్తుందా, కొలత రాసిస్తారా, బోల్టులు కొత్తవి వేస్తారా, థ్రెడ్లు ఊడి ఉంటే ఎంత అవుద్ది అని. ఈ ప్రశ్నలకి విసుక్కున్నాడంటే బండి అక్కడినుంచి తీసీ. మన రాయగడ, జయపురం, గునుపురం గుంటలకి ఇక్కడ కాలేజీ సీనియర్ల బలగం ఉండదు, హైదరాబాదు, గుంటూరు వాళ్ళకి ఉన్నట్టు, అందుకే ఎవర్నీ అడగరు, ఏ కాగితం ఇస్తే దానిమీద సంతకం పెట్టీస్తారు. చాలామందిని చూశాను.

ఇంక లెక్క. అదే ఏడాది, అన్నే మైళ్ళు తిరిగిన మంచి కామ్రీ మీ ఊళ్ళో ఎంతకి వస్తుందో కెల్లీ బ్లూ బుక్‌లో, అదే పాత కార్ల ధరలు చెప్పే వెబ్‌సైట్లో చూడు. రిపేరు ఆ ధరలో సగం దాటితే చేయించకు, నా మాట విను. సెకండ్ హ్యాండ్ ఇంజను వేస్తాం అంటారు, దాని వారంటీ చాలాసార్లు ఇంజనుకే ఉంటుంది, మళ్ళీ విప్పి బిగించే కూలి నీదే అవుద్ది, రాతపూర్వకంగా అడుగు. లీకు మూసే మందు అని డబ్బాలు అమ్ముతారు, పోసావంటే హీటర్ కోర్, అదే క్యాబిన్‌కి వేడి ఇచ్చే చిన్న రేడియేటర్, కూడా పూడిపోద్ది, తర్వాత రిపేరు చేసేవాడు తిట్టుకుంటాడు. నడవని బండిని నడవని బండిగానే చెప్పి అమ్మెయ్, కామ్రీకి ఆ స్థితిలో కూడా కొనేవాళ్ళుంటారు, వచ్చిన డబ్బు దాచుకుని బస్సులో, రూమ్మేట్ల బండిలో ఒక సెమిస్టర్ గడుపు.

ఎట్టి పరిస్థితుల్లో టైటిల్ లోన్ జోలికి పోకు. టెక్సాస్‌లో రోడ్డు పక్కన బోర్డులు కనపడతాయి, బండి కాగితం తాకట్టు పెట్టుకుని గంటలో డబ్బు చేతిలో పెడతారు, ఫీజులు కలిపితే నెలకి పాతిక శాతం దాకా పోద్ది. మన దగ్గర సంతల్లో తిరిగే వడ్డీవాళ్ళకి భయపడి నాన్న మనల్ని బ్యాంకు లోనుతో పంపించారు, ఇక్కడికొచ్చి అంతకన్నా ఎక్కువ వడ్డీకి తీసుకోడం ఏటి? అసలు నీ చదువు లోనుకి నువ్వు చదువుతున్నప్పుడు కూడా వడ్డీ పెరుగుతూనే ఉంటుంది, అది మర్చిపోకు. ఇంట్లో అడిగితే అమ్మ బంగారం పెట్టైనా పంపిస్తుంది, డాలరు ఎనభై దాటిపోయింది, రెండువేల రెండొందల డాలర్లంటే అక్కడ ఎంతో ఒకసారి కాగితం మీద గుణించి చూసుకో.

ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద ఎన్ని గంటలు పని చెయ్యొచ్చు, టెక్సాస్‌లో ఎస్టిమేటు, బిల్లు కట్టకపోతే బండి ఆపుకునే హక్కు, ఇన్సూరెన్సు, ఇవన్నీ నీ యూనివర్సిటీ ఆఫీసులో, స్టేట్ వెబ్‌సైట్లో ఉంటాయి, అక్కడ చూసుకో. ఇన్సూరెన్సు మాత్రం ఒక మాట, ఇంజను వేడెక్కి పోతే మామూలు పాలసీ ఏమీ ఇవ్వదు, ఆశ పెట్టుకోకు. రోడ్‌సైడ్ అసిస్టెన్స్ నెలకి కొద్ది డాలర్లే, అది పెట్టుకో, మళ్ళీ ఎప్పుడైనా ముల్లు లేస్తే ఏసీ ఆపి, హీటర్ ఫుల్లు పెట్టి, దారి దొరగ్గానే పక్కన ఆపీ, ఇంజను కట్టీ, టో బండిని పిలు. వేడిగా ఉండగా మూత తియ్యకు, చన్నీళ్ళు అసలే పొయ్యకు, పగిలిపోద్ది.

ఈ వారంలో టెస్ట్ చేయించి ఆ కాగితమూ, మెకానిక్ ఎస్టిమేటూ రెండూ ఫోటో తీసి నాకు పంపు. శనివారం పొద్దున్న నేను ఖాళీ, ఫోన్లో కూర్చుని లైను లైను చూద్దాం. అప్పటిదాకా ఎక్కడా సంతకం పెట్టకు.