సీటీలో ‘ఎముక తినేసింది’ అని వస్తే క్యాన్సర్ తిరగబెట్టినట్టేనా?

అమ్మగారికి ముక్కు వెనక క్యాన్సర్‌కు రేడియేషన్ అయి ఐదేళ్లయిందని, ఇప్పుడు సీటీలో పుర్రె అడుగు ఎముక తినేసినట్టు వచ్చిందని రాశారు. సీటీ ఉండగా మళ్లీ ఎమ్మారై ఎందుకని మీ ప్రశ్న. నాదీ ఇదే కథ కాబట్టి చెబుతున్నాను.

నాకు 35 సిట్టింగుల్లో 70 గ్రే (రేడియేషన్ డోసు కొలమానం) ఇచ్చారు. నాలుగేళ్లు బాగానే గడిచాక తల వెనక నొప్పి, ముక్కులోంచి కుళ్లు వాసన మొదలయ్యాయి. సీటీ రిపోర్టులో ‘ఎరోజన్’, అంటే ఎముక తినేసింది అన్న మాట చూసి ఆ రాత్రి ఇంట్లో ఎవరం నిద్రపోలేదు. డాక్టరుకు చూపించే ముందు రిపోర్టు చదవకూడదంటారు గానీ, చదవకుండా ఎవరుండగలరు?

రేడియేషన్ వల్ల ఎముకలోని సన్నటి రక్తనాళాలు మూసుకుపోతాయి. రక్తం అందక ఎముక చచ్చిపోతుంది. దీన్నే ఆస్టియోరేడియోనెక్రోసిస్ అంటారు. నెలల్లోనూ రావచ్చు, ఏళ్ల తర్వాతా రావచ్చు. చిక్కేమిటంటే, సీటీలో ఇదీ క్యాన్సర్ తిన్న ఎముకలాగే ఉంటుంది. నా సీటీలో ఎముక మధ్య గాలి బుడగలు, ఊడివచ్చిన చిన్న ముక్క కనిపించాయి. పక్కన గడ్డ లేకుండా ఇవి ఉంటే చచ్చిన ఎముకనే ముందు అనుమానిస్తామని రేడియాలజిస్టు అన్నారు.

ఎముక అంచులు సీటీలో తేటగా తెలుస్తాయి. లోపలి మజ్జ, చుట్టూ ఉన్న కండ, మెదడు పొరల సంగతి ఎమ్మారై చెప్పాలి. అందులో డిఫ్యూజన్ అనే భాగం ఉంటుంది. క్యాన్సర్ కణాలు కిక్కిరిసి ఉంటే నీటి కదలిక తగ్గినట్టు కనిపిస్తుంది. అయితే చీము ఉన్నా అలాగే కనిపిస్తుంది, అందుకని అదొక్కటే చూసి తేల్చరు. చక్కెర లాంటి మందు ఎక్కించి తీసే పెట్ స్కాన్‌తోనూ అదే తంటా, క్యాన్సర్ ఉన్నచోటే కాదు, ఇన్‌ఫెక్షన్ ఉన్నచోటా వెలుగుతుంది. నాది బాగా వెలిగింది, మళ్లీ టెన్షన్. చివరికి ఎండోస్కోపీతో ముక్క తీసి పరీక్షిస్తే చచ్చిన ఎముకే అని వచ్చింది. అయినా తీసిన చోట క్యాన్సర్ దొరక్కపోవచ్చు కనుక మూడు నెలలకు మళ్లీ స్కాన్ చేశారు.

వెళ్లేటప్పుడు పాత స్కాన్ల సీడీలు తప్పక పట్టుకెళ్లండి, రిపోర్టులు మాత్రమే చాలవు. వైద్యానికి ముందే గడ్డ ఆ ఎముకను తినిందా, ఆ చోట ఎంత డోసు పడింది అన్నది చూస్తే సగం అనుమానం తీరుతుంది.

ఒక్కటి మాత్రం వాయిదా వేయకండి. ముక్కులోంచి రక్తం కాస్త పడ్డా వెంటనే ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి. మెదడుకు వెళ్లే పెద్ద ధమని ఆ ఎముకను ఆనుకునే ఉంటుంది. నాకు రక్తనాళాలు చూసే సీటీ కూడా తీసింది అందుకే.